లిపిమార్చు ఉపకరణానికి పత్రాలు ఏ రూపంలో రాయాలి? మ్యాన్, ఇన్ఫో, మార్క్‌డౌన్: మీ మాట చెప్పండి

తాళపత్రం
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విద్యానగర్‌లో ఉంటాను. పగలు ఉద్యోగం, రాత్రి ఈ వ్యసనం. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చే కమాండ్‌లైన్ ఉపకరణం ఒకటి రాశాను. పేరు లిపిమార్చు. ఆ కాలపు ఫాంట్ల సంగతి తెలియనివారికి ఒక మాట: వాటిలో తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు ఇంకోచోట, అన్నీ విడివిడి ముక్కలు. ఆ ముక్కలు ఇంగ్లీషు అక్షరాలూ విరామచిహ్నాలూ కూర్చోవలసిన కుర్చీల్లో కూర్చుంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే పిల్లి కీబోర్డు మీద నడిచి వెళ్ళినట్టుంటుంది.

దీన్ని వాడేది ఏడుగురు. నగరంలో ఒక గ్రంథాలయంలో పాత మాసపత్రికల ఫైళ్ళను భద్రపరుస్తున్న స్వచ్ఛంద బృందం. వాళ్ళు కూర్చునే గదిలో ఇంటర్నెట్ లేదు. ఫోను సిగ్నల్ కూడా కిటికీ దగ్గరికి వెళ్తేనే వస్తుంది.

ఇప్పటిదాకా పత్రం అంటూ ఉన్నది ఒక రీడ్‌మీ ఫైలు. గత వారం వాళ్ళలో ఒకరు, ఫలితాన్ని అదే ఫైలు మీద రాసే ఆప్షన్ వాడి, ఫాంటు పేరు తప్పు ఇచ్చి, రెండు సంచికల మూలఫైళ్ళను ముద్ద చేశారు. నకళ్ళు ఉన్నాయి కనుక బతికిపోయాం. "ఇలా అవుతుందని ఎక్కడైనా రాశారా?" అని అడిగారు. రాశాను. రీడ్‌మీలో, అట్టడుగున, మార్పుల చరిత్రకూ లైసెన్సుకూ మధ్య.

ఈసారి పద్ధతిగా రాయాలి. మ్యాన్ పేజీయా (టెర్మినల్లోనే తెరుచుకునే కమాండు వివరం), ఇన్ఫోనా (లంకెలూ సూచికా ఉన్న గ్నూ మాన్యువల్), మార్క్‌డౌనా (కొద్దిపాటి గుర్తులతో రాసే సాదా పాఠం)? లేక రెండు గీతలు పెట్టి హెల్ప్ అని కొడితే వచ్చేది చాలా?

నల్లతెర
శనివారం, రాత్రి 9:31

మ్యాన్ పేజీ. ఇందులో చర్చకు ఏముందో నాకు అర్థం కావడం లేదు.

ఇరవై ఆరేళ్ళుగా సర్వర్లకు కాపలా కాసే ఉద్యోగం నాది. అర్ధరాత్రి ఏదో పడిపోయి, బ్రౌజర్ లేని యంత్రం ముందు కూర్చున్న ప్రతిసారీ ఆదుకున్నది మ్యాన్ ఒక్కటే. మీ గదిలో నెట్ లేదంటున్నారు. ఇంకా వేరే మాట ఎందుకు?

పేజీ ఎలా ఉండాలన్నది 1971 నవంబరు 3 తేదీ వేసుకొని వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్లోనే తేలిపోయింది. పేరు, వాడే తీరు, వివరణ, ఫైళ్ళు, ఇవీ చూడండి, లోపాలు. ఆ చివరిది గమనించండి. ప్రోగ్రాము రాసినవాడే తన ప్రోగ్రాములో ఏం బాగా లేదో ఒప్పుకొని అచ్చు వేసుకునే శీర్షిక. ఇప్పటి పత్రాల్లో అది ఎక్కడైనా కనిపిస్తోందా? మీ "ముద్ద" సంగతి రాయవలసిన చోటు అదే.

ఈమాక్సు భక్తుడు
శనివారం, రాత్రి 9:58

నల్లతెర గారు ఎప్పటిలాగే తీర్పు చెప్పి, తర్వాత విచారణ మొదలుపెట్టారు.

టెర్మినల్లో మన కమాండ్లు నడిపే బ్యాష్ ప్రోగ్రాముది, దాని మ్యాన్ పేజీ తెరవండి. వేల వరుసలు, ఒకటే చుట్ట. విషయసూచిక లేదు, అధ్యాయం నుంచి అధ్యాయానికి దూకే దారి లేదు. మాట వెతికితే ఆ మాట నలభై చోట్ల తగులుతుంది, మనకు కావలసింది ముప్పై తొమ్మిదోది. ఇన్ఫోలో అయితే ఐ నొక్కి మాట టైపు చేస్తే సూచిక మిమ్మల్ని నేరుగా ఆ చోట దింపుతుంది. సూచిక రాసింది మనిషి కనుక ఆ చోటు సరైన చోటే అవుతుంది.

ఇన్ఫోకు మూలరూపమైన టెక్సిన్ఫో 1986 నాటిది. వెబ్ పుట్టకముందే లంకె మీద ఎంటర్ నొక్కి ఇంకో పేజీకి వెళ్ళిన రూపం. ఒకే మూలఫైలు నుంచి తెర మీద చదివే ఇన్ఫో వస్తుంది, టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాము ద్వారా అచ్చు పుస్తకం వస్తుంది, హెచ్‌టీఎంఎల్ వస్తుంది. గ్నూ ప్రాజెక్టు నియమాల్లో మ్యాన్ పేజీకి రెండో పీటే వేశారు, ఊరికే వేయలేదు.

మైత్రీవనం బ్యాచ్
శనివారం, రాత్రి 10:20

భక్తుడన్నా, నేను మొదటిసారి ఇన్ఫో తెరిచినప్పుడు బయటికి ఎలా రావాలో తెలియక టెర్మినల్ కిటికీనే మూసేశాను. ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి. ఆ ఉలిపికట్టె మీ ఇన్ఫో.

నేను అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసినవాణ్ణి. అక్కడ మాకు మాన్యువల్ ఎవరూ చూపించలేదు. మెటీరియల్ ఇచ్చారు. జిరాక్స్ కాగితాలు, స్పైరల్ బైండింగ్, ముందు పేజీ మీద ఎవరో వెనుకటి బ్యాచ్ కుర్రాడి ఫోను నంబరు. అందులో నిర్వచనాలు ఉండవు. కమాండు ఉంటుంది, దాని కింద తెర మీద వచ్చే ఫలితం ఉంటుంది, అంచున సార్ చెప్పిన ముక్క పెన్సిల్‌తో. టార్ ఆప్షన్లు ఇవాళ్టికీ నాకు ఆ పేజీలో ఉన్న వరుసలోనే గుర్తొస్తాయి.

అందుకే టీఎల్‌డీఆర్ పేజీలు నచ్చుతాయి. 2013 చివర మొదలైనవి. కమాండుకు నాలుగైదు ఉదాహరణలు, ఒక్కోదానికి ఒక వాక్యం, అంతే. మూలం మార్క్‌డౌన్. ఒకసారి దించి పెట్టుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. అక్కా, మీ ఏడుగురికి కావలసింది ఇదే.

నల్లతెర
శనివారం, రాత్రి 10:26

తమ్ముడూ, ఉదాహరణలు మ్యాన్ పేజీలోనూ పెట్టవచ్చు. ఎవరూ వద్దనలేదు.

మైత్రీవనం బ్యాచ్
శనివారం, రాత్రి 10:27

ఎవరూ పెట్టలేదు కూడా.

కళ్ళద్దాలు
ఆదివారం, ఉదయం 7:45

సాఫ్ట్‌వేర్ పత్రాలు రాయడమే నా జీవనాధారం, మాదాపూర్‌లో. అందుకే ఈ గొడవలో నాకు పక్షపాతం లేదు, అన్ని రూపాల మీదా సమానంగా కోపం ఉంది.

ఒక అనుభవం చెబుతాను. ఇంతకుముందు పనిచేసిన చోట మాన్యువల్ మొత్తం డాక్‌బుక్‌లో ఉండేది. 1991లో ఓరైలీ ప్రచురణ సంస్థ, హాల్ కంప్యూటర్ సిస్టమ్స్ కలిసి మొదలుపెట్టిన రూపం, పుస్తకాలకు మంచిదే. కానీ మా ప్రోగ్రాముకు ఒక్క కొత్త ఆప్షన్ చేర్చాలంటే ఐదు ట్యాగులు తెరిచి ఐదు ట్యాగులు మూయాలి. ప్రోగ్రామర్లు ఆప్షన్ చేర్చేవారు, పత్రంలో చేర్చేవారు కాదు. అడిగితే "మీరు ఆ బ్రాకెట్లు చూసుకోండి మేడమ్" అనేవారు. ఆ తర్వాత దాన్ని పీడీఎఫ్‌గా మార్చే స్క్రిప్టులు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఉద్యోగం మారారు. రెండేళ్ళ పాటు వినియోగదారులకు పాత పీడీఎఫే వెళ్ళింది. అందులోని ఒక ఆప్షన్‌ను మేం ఎప్పుడో తీసేశాం.

కాబట్టి తాళపత్రం గారూ, నా మొదటి ప్రశ్న: ఆరు నెలల తర్వాత మీకు జ్వరం వచ్చిన రోజున ఆ ఫైలులో ఒక వాక్యం మార్చగలిగినవారు ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళకు ఏ రూపం వచ్చు?

రెండోది. హెల్ప్ తెరనే మ్యాన్ పేజీగా మార్చే హెల్ప్‌టూమ్యాన్ అనే ఉపకరణం ఉంది. ఎవరో ఒకరు ఇక్కడ చెబుతారు, నేనే ముందు చెప్పేస్తున్నాను. అది తయారుచేసే పేజీ హెల్ప్ తెరకు కొత్త చొక్కా తొడిగినట్టు ఉంటుంది. అందులో లేనిది ఇందులోకి రాదు. చాలా గ్నూ ఉపకరణాల మ్యాన్ పేజీల చివర "పూర్తి వివరాలకు ఇన్ఫో చూడండి" అని ఉండేది అందుకే. ఆకలితో వచ్చినవాడికి పక్క హోటల్ చిరునామా ఇచ్చినట్టు.

చిక్కడపల్లి డీటీపీ
ఆదివారం, ఉదయం 11:10

అమ్మా తాళపత్రం, ఆ ముద్ద చేసింది నేనే. పేరు చెప్పకుండా కాపాడినందుకు సంతోషం. కానీ ఇక్కడ ఇంత చర్చ జరుగుతుంటే దాక్కోవడం బాగుండదు.

మొదట లెటర్‌ప్రెస్‌లో కంపోజింగ్, తర్వాత కంప్యూటర్ మీద డీటీపీ, పెళ్ళిపత్రికల నుంచి పంచాంగాల దాకా అన్నీ చేశాను. ఆ పాత ఫాంట్లలో ఏ ముక్క ఏ మీట కింద ఉందో నా వేళ్ళకు తెలుసు. నోటితో చెప్పమంటే చెప్పలేను, కీబోర్డు ముందు కూర్చోబెడితే చూపిస్తాను.

మీరు చెప్పే మ్యాన్ అనేది నాకు చూపించారు. ఒక చిక్కు ఉంది. నల్లతెర మీద (ఇక్కడి గారు కాదు, నిజం నల్లతెర) నేను కమాండు సగం టైపు చేసి ఉంటాను. అప్పుడే అనుమానం వస్తుంది, ముందు మూలం ఫైలా, ఫాంటు పేరా అని. మ్యాన్ చూడాలంటే టైపు చేసింది చెరిపేయాలి. చూసి వచ్చేసరికి చదివింది మరిచిపోతాను. కాగితం అయితే కీబోర్డు పక్కన పెట్టుకుంటాను, వేలు పెట్టి చూసుకుంటూ కొడతాను. మా ఏడుగురిలో నలుగురం ఇదే రకం.

నల్లతెర
ఆదివారం, మధ్యాహ్నం 12:02

డీటీపీ గారూ, కాగితం కావాలంటే మీరు సరైన ఇంటికే వచ్చారు. మ్యాన్ పేజీ పుట్టింది మీ వృత్తిలోనే.

బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ వాళ్ళకు పీడీపీ-11 యంత్రం దక్కడానికి చూపించిన కారణం పత్రాల తయారీ. మొదట వాడినది పేటెంట్ల విభాగం, దరఖాస్తులు టైపు చేయడానికి. ఆ అక్షరకూర్పు ప్రోగ్రాము రాఫ్. దాని తర్వాత జో ఒసానా రాసిన టీ-రాఫ్ నేరుగా ఫొటోటైప్‌సెట్టర్ యంత్రాన్ని నడపడానికి చేసింది. ఫిల్ము మీద అక్షరాలు పడే యంత్రం, మీకు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు లినక్సులో ఉన్న జీ-రాఫ్ దాని వారసుడు, 1990లో జేమ్స్ క్లార్క్ రాసినది. మనం టెర్మినల్లో చదివేది ఆ అచ్చు పేజీకి పేదింటి రూపం.

మ్యాన్ కమాండుకు ఒక గీత పెట్టి టీ అని ఆప్షన్ ఇవ్వండి. ప్రింటర్లకు అర్థమయ్యే పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు వస్తుంది. పీడీఎఫ్ చేసి ప్రింటుకు పంపండి. బొద్దు అక్షరాలు బొద్దుగా, వాలు అక్షరాలు వాలుగా, అంచులు కుదిరి వస్తాయి.

చిక్కడపల్లి డీటీపీ
ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఫొటోటైప్‌సెట్టింగ్ బ్రోమైడ్లు కత్తిరించి అతికించిన చేతులే ఇవి. ఇది ముందే చెప్పి ఉంటే మ్యాన్ మీద నాకు ఇంకొంచెం గౌరవం ఉండేది.

బోయిన్‌పల్లి బీఎస్డీ
ఆదివారం, సాయంత్రం 6:40

ఆలస్యంగా వచ్చాను. మ్యాన్ అని ఊరుకుంటే చాలదు, ఏ మ్యాన్ అన్నది అడగాలి. పాత మ్యాన్ మాక్రోలు (పాఠం మధ్య రాసే చిన్న ఆజ్ఞలు) "ఈ మాట బొద్దుగా, ఈ మాట వాలుగా" అని మాత్రమే చెబుతాయి. 1990 ప్రాంతంలో బర్కిలీలో సింథియా లివింగ్‌స్టన్ చేసిన ఎమ్‌డాక్ మాక్రోలు "ఇది ఆప్షన్, ఇది దాని విలువ, ఇది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్" అని చెబుతాయి. బొద్దా వాలా అన్నది అది చూసుకుంటుంది.

దీనివల్ల ఏం ఒరుగుతుందని అడుగుతారు. యూనిక్స్ కుటుంబానికి చెందిన ఓపెన్‌బీఎస్డీలో, పేజీలు వెతికే అప్రోపోస్ కమాండుతో "హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను వాడే పేజీలు చూపించు" అని అడగవచ్చు. హోమ్ అనే మాట ఊరికే ఉన్న పేజీలు రావు, ఆ వేరియబుల్ ఉన్నవే వస్తాయి. అక్కడ జీ-రాఫ్‌ను పక్కన పెట్టి మ్యాన్‌డాక్ అనే చిన్న ప్రోగ్రాము పెట్టుకున్నారు. అది ఎమ్‌డాక్ ఫైలును హెచ్‌టీఎంఎల్‌గా, పీడీఎఫ్‌గా, కావాలంటే మార్క్‌డౌన్‌గా కూడా ఇస్తుంది. తప్పులు పట్టే లింట్ కూడా దానిలోనే ఉంది.

ఈమాక్సు భక్తుడు
ఆదివారం, సాయంత్రం 6:52

ముప్పై ఏళ్ళ తర్వాత ఒకే మూలం, అనేక రూపాలు అనే ఆలోచనకు వచ్చారన్నమాట. స్వాగతం, కాళ్ళు కడుక్కొని లోపలికి రండి.

బోయిన్‌పల్లి బీఎస్డీ
ఆదివారం, సాయంత్రం 6:58

లినక్సు డిస్ట్రిబ్యూషన్ డెబియన్ 2006లో ఓటు వేసి, మార్చకూడని భాగాలున్న గ్నూ మాన్యువల్స్‌ను స్వేచ్ఛాయుతం కాని విభాగంలోకి నెట్టిన సంగతి కూడా చెప్పండి మరి. గ్నూ కంపైలర్ జీసీసీ పత్రం ఆ విభాగం నుంచి విడిగా తెచ్చుకోవాలి. అలా తెచ్చుకోనివాడికి ఇన్ఫో తెరిచినా ఆ పత్రం దొరకదు.

నిర్వాహకుడు
ఆదివారం, రాత్రి 7:30

లైసెన్సుల మీద వచ్చిన పద్నాలుగు సందేశాలను వేరే చోటికి తరలించాను. అక్కడ హాయిగా కొట్లాడుకోండి. ఇక్కడ లిపిమార్చు సంగతి మాత్రమే.

తాళపత్రం
ఆదివారం, రాత్రి 10:05

ఇవాళ మధ్యాహ్నమంతా ఒక ప్రయోగం చేశాను. వాడేది తెలుగువాళ్ళు కదా, మ్యాన్ పేజీ తెలుగులోనే రాస్తే పోలేదా అనుకున్నాను. మ్యాన్ డైరెక్టరీలో భాష పేరుతో ఉపడైరెక్టరీ పెడితే, యంత్రం లొకేల్ (భాష అమరిక) తెలుగులో ఉన్నప్పుడు అదే తెరుస్తుంది. ఆ ఏర్పాటు చక్కగా పనిచేసింది.

తెర మీద వచ్చింది మాత్రం చూడలేకపోయాను. టెర్మినల్ అంటే గళ్ళ కాగితం. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం అని దాని లెక్క. "క్ష్మి" ఎన్ని గళ్ళు? జీ-రాఫ్ ఒక లెక్క వేసింది, టెర్మినల్ ఇంకో లెక్క వేసింది. ఒత్తులు పక్క గడిలోకి జారిపోయాయి, వరుసలు తెర మధ్యలోనే విరిగాయి. "మూలఫైలు" అన్న మాటలో లకు గుడి వచ్చి ఫ మీద కూర్చుంది. పాత ఫాంట్ల ముద్ద నుంచి జనాన్ని బయటపడేసే ప్రోగ్రాముకు ఇలాంటి మాన్యువల్ ఇస్తే నవ్విపోతారు.

బ్రౌజర్లో అదే పాఠం పెడితే ముత్యాల్లా వచ్చింది.

మైత్రీవనం బ్యాచ్
ఆదివారం, రాత్రి 10:11

"మూలఫైలు"లో లకు గుడి ఎక్కడుందక్కా?

తాళపత్రం
ఆదివారం, రాత్రి 10:13

లేదు. అదే నేను చెప్పేది. పై వరుసలోంచి దిగింది.

కళ్ళద్దాలు
సోమవారం, ఉదయం 8:20

ఇంకో గండం ఉంది, ఎవరూ ఎత్తలేదు. మీ ఉదాహరణల్లో పాత ఫాంటు పాఠం ఉన్నదున్నట్టుగా చూపించాలి కదా. ఆ పాఠం నిండా విరామచిహ్నాలే. డీటీపీ గారు పంపిన నమూనాలో ఒక వరుస దాదాపు ఇలా ఉంది:

'@*{_\~

ప్రతి రూపానికీ కొన్ని గుర్తులు ఆహారం. మ్యాన్ పేజీలు రాసే రాఫ్‌లో వరుస మొదట చుక్క గానీ అపాస్ట్రఫీ గానీ ఉంటే అది పాఠం కాదు, ఆజ్ఞ. అలాంటి ఆజ్ఞ తనకు తెలియకపోతే మారు మాట్లాడకుండా వరుస మొత్తాన్ని మింగేస్తుంది. బ్యాక్‌స్లాష్ కనిపిస్తే దాని వెనుక వచ్చేదాన్ని కూడా మింగుతుంది. వరుస ముందు \& అని పెట్టాలి, అది కనిపించని కాపలాదారు. బ్యాక్‌స్లాష్‌కు వేరే పేరు వాడాలి. టెక్సిన్ఫోకు @ గుర్తు, మీసాల బ్రాకెట్లు ఆహారం. మార్క్‌డౌన్‌కు * గుర్తు, కింది గీత.

హైఫన్ సంగతి మరీ మోసం. రాఫ్‌లో ఉత్త హైఫన్ టైపు చేస్తే అది పుస్తకంలో మాటలు కలిపే హైఫన్ అనుకుంటుంది. తెర మీద చూడటానికి అలాగే ఉంటుంది, కానీ యూనికోడ్‌లో వేరే అక్షరం. ఆ ఆప్షన్‌ను పేజీ నుంచి నకలు తీసి కమాండులో అతికిస్తే "ఇలాంటి ఆప్షన్ లేదు" అంటుంది. ఒకసారి మా సహోద్యోగి ఒకరు గంటసేపు తన కళ్ళను అనుమానించుకున్నారు. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళేవారే. ఆప్షన్ ముందు హైఫన్‌కు బ్యాక్‌స్లాష్ తప్పనిసరి. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు దీన్ని తమవైపు నుంచి సర్దుతాయి, అందరూ సర్దరు.

ఈమాక్సు భక్తుడు
సోమవారం, ఉదయం 9:02

టెక్సిన్ఫోలో వెర్బేటిమ్ అనే పెట్టె ఉంది. తెరిచి మూసేలోపు ఏం రాసినా ముట్టుకోదు. సాక్షాత్తూ మీ పిల్లి నడిచినా సరే. ఇక నేనేమీ అనను.

మైత్రీవనం బ్యాచ్
సోమవారం, ఉదయం 9:10

మార్క్‌డౌన్‌లో మూడు బ్యాక్‌టిక్‌ల మధ్య పెడితే అదే పని జరుగుతుంది, ఉలిపికట్టె అవసరం లేకుండా. పైగా ఒక రూపాన్ని ఇంకో రూపంలోకి మార్చే పాన్‌డాక్‌తో దాన్నే మ్యాన్ పేజీగా మారిస్తే, కళ్ళద్దాలు మేడమ్ చెప్పిన కాపలాదారులన్నీ అదే పెట్టుకుంటుంది. గిట్ వాళ్ళు ఆస్కీడాక్‌లో రాసి మ్యాన్, హెచ్‌టీఎంఎల్ రెండూ తీస్తారు. పెర్ల్ వాళ్ళు పాడ్‌లో రాసి మ్యాన్ తీస్తారు. చేత్తో రాఫ్ రాసేవాళ్ళు ఇంకా ఎందరున్నారు?

నల్లతెర
సోమవారం, రాత్రి 8:45

నేనున్నాను.

యంత్రం తీసిన మ్యాన్ పేజీని నేను ఆమడ దూరం నుంచి గుర్తుపడతాను. పేరు శీర్షికలో పేరు, గీత, ఒక వరుస వివరణ, ఈ మూడూ ఉండాలి. మ్యాన్-కే వెతికేది ఆ ఒక్క వరుసలోనే. రీడ్‌మీని అలాగే మార్చి పెట్టినవాళ్ళు అక్కడ "స్వాగతం" అని రాస్తారు. ఇక ఆ పేజీ ఎవరు వెతికినా దొరకదు. రైలు పట్టాల మీద సైకిల్ తొక్కుతూ నేనూ రైలే అన్నట్టుంటుంది.

తప్పు పాన్‌డాక్‌ది కాదులెండి. అది నమ్మకమైన గుమాస్తా. చెప్పింది రాస్తుంది. ఏం చెప్పాలో తెలిసినవాళ్ళు తక్కువ.

కళ్ళద్దాలు
సోమవారం, రాత్రి 9:30

నల్లతెర గారితో ఏకీభవించే రోజు వస్తుందనుకోలేదు.

తాళపత్రం
తర్వాతి శనివారం, రాత్రి 9:40

వారం రోజులు మీ అందరి మాటలూ నములుతూ తిరిగాను. ఇలా చేశాను.

ఇంగ్లీషులో ఒక మ్యాన్ పేజీ, ఎమ్‌డాక్‌లో, చేత్తో. ప్రోగ్రాము ఎక్కడికి వెళ్తే దాని వెంట అది వెళ్తుంది. లోపాల శీర్షికలో మొదటి వాక్యమే ముద్ద గురించి. తెలుగులో నాలుగు పేజీల పొత్తం, మార్క్‌డౌన్‌లో, అన్నీ ఉదాహరణలే. అమీర్‌పేట మెటీరియల్ పద్ధతి: కమాండు, కింద ఫలితం, అంచున ఖాళీ, పెన్సిల్ వాళ్ళది. దాన్ని బ్రౌజర్ నుంచే ప్రింటు తీశాను, అక్షరాలు చెదరలేదు. హెల్ప్ తెర మీద ఆప్షన్లతోపాటు ఒక హెచ్చరిక వరుస.

అన్నిటికన్నా ముందు చేసిన పని వేరు. అదే ఫైలు మీద రాసే ఆప్షన్ ఇప్పుడు మూలానికి నకలు తీయకుండా పని మొదలుపెట్టదు. ఇది రాస్తున్నప్పుడే తట్టింది. "జాగ్రత్త, మూలం పోతుంది" అని మూడు చోట్ల రాయడానికి కూర్చున్నాను. మూడోసారి రాస్తుంటే సిగ్గేసింది.

ఇన్ఫో రాయలేదు, భక్తుడు గారు క్షమించాలి.

కళ్ళద్దాలు
శనివారం, రాత్రి 10:02

మూడు చోట్ల ఆప్షన్లు. ఆరు నెలల్లో ఒకదాని మాట ఇంకోటి వినదు. మీకు జ్వరం ప్రశ్న గుర్తుందా?

తాళపత్రం
శనివారం, రాత్రి 10:09

గుర్తుంది. పరీక్షల్లో ఒక చిన్న స్క్రిప్టు చేర్చాను. హెల్ప్ తెర నుంచి ఆప్షన్ల పేర్లు ఏరి, మ్యాన్ పేజీలోనూ పొత్తంలోనూ ఉన్నాయో లేదో చూస్తుంది. ఒక్కటి తగ్గినా బిల్డు ఆగిపోతుంది. వాక్యాలు సరైనవా అన్నది అది చూడలేదు, పేర్లు మాత్రమే. పొత్తాన్ని బృందంలో ఇద్దరు దిద్దగలరు, నేర్పించాను. మ్యాన్ పేజీకి జ్వరం వస్తే నల్లతెర గారి ఇంటికి పంపిస్తాను.

ఈమాక్సు భక్తుడు
శనివారం, రాత్రి 10:30

క్షమించాను. పొత్తం నాలుగు పేజీలు దాటి నలభై అయిన రోజున సూచిక కావాలని మీరే వస్తారు. ఇక్కడే ఉంటాను.

చిక్కడపల్లి డీటీపీ
ఆదివారం, మధ్యాహ్నం 3:25

అమ్మా, పొత్తం బాగుంది. అక్షరం ఇంకొక పాయింటు పెంచితే ఇంకా బాగుంటుంది. ఆ ఇంగ్లీషు మ్యాన్ పేజీని కూడా నల్లతెర గారు చెప్పిన పద్ధతిలో అచ్చు తీయించాను, ఫొటోటైప్‌సెట్టర్ జ్ఞాపకంగా. నిజంగానే కూర్పు చక్కగా ఉంది.

ప్రూఫు చూసే అలవాటు పోలేదు, అందుకని ఒక మాట. ఉదాహరణల్లో మూడోదానికి ఫలితం ఉంది, పైన ఇవ్వవలసిన పాఠం లేదు. రెండో దాని తర్వాత ఖాళీ, వెంటనే జవాబు. పొత్తంలో అదే ఉదాహరణ పూర్తిగా ఉంది. పోల్చి చూశాను. పోయిన వరుస మొదట్లో అపాస్ట్రఫీ ఉంది.

బోయిన్‌పల్లి బీఎస్డీ
ఆదివారం, మధ్యాహ్నం 3:41

లింట్ నడిపారా?

తాళపత్రం
ఆదివారం, మధ్యాహ్నం 3:50

బ్యాక్‌స్లాష్‌లన్నీ కూర్చొని ఒక్కొక్కటే సరిచేశాను. హైఫన్లు సరిచేశాను. దీన్ని దాటేశాను. లింట్ నడపలేదు.

తాళపత్రం
ఆదివారం, సాయంత్రం 4:17

నడిపాను. ఇంకో రెండు దొరికాయి. మూడింటి ముందూ కాపలాదారును నిలబెట్టి కొత్త పీడీఎఫ్ పంపించాను, డీటీపీ గారూ. అక్షరం ఒక పాయింటు పెంచాను.